పిల్లాడి సంగతి తెలిసిన మనిషిని పోగొట్టుకోవద్దు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గుణుపురం దగ్గర మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల హాస్టల్, దానికి ఆనుకుని డే సెంటర్ అన్నారు. అరవై మంది పిల్లలు, 27 మంది సిబ్బంది. మీరు మేనేజర్‌గా చేరి పద్నాలుగు నెలలైతే ఈలోగా తొమ్మిది మంది మానేశారు. గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు అవకాశం రాగానే ఆంధ్రాకి వెళ్లిపోతున్నారు. కమిటీవాళ్లేమో సేవాభావం ఉన్నవాళ్లను చూసి తీసుకోమంటున్నారు. మీరు చదివిన ఎంబీఏలో దీనికి జవాబు దొరకలేదు, ఏ హెచ్‌ఆర్ పాలసీ రాస్తే ఈ మానేయడం ఆగుతుంది అని అడిగారు.

నేను ఈ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మొదట స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, తర్వాత పర్లాకిమిడిలో ఒక సంస్థకి అడ్మినిస్ట్రేటర్‌ని. పాలసీ తప్పకుండా రాయాలి, దాని సంగతి కింద చెబుతాను. ముందుగా ఆ తొమ్మిది మంది ఎవరో చెప్పండి. అంకె చూస్తే ఏమీ తెలియదు. ముగ్గురు టీచర్లు, ఒక డ్రైవరు, అయిదుగురు ఆయాలు అయితే మీ సంస్థకి తగిలిన అసలు దెబ్బ ఆ అయిదుగురు ఆయాలది. కమిటీ మీటింగులో మాత్రం టీచర్ల గురించే మాట్లాడతారు, ఎందుకంటే గ్రాంటు ఇన్‌స్పెక్షన్‌లో అడిగేది వాళ్ల సర్టిఫికెట్లే.

మా దగ్గర జరిగింది చెబుతాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబు, పదకొండేళ్లవాడు, మాట రాదు. తల ఎడమకి తిప్పి రెండుసార్లు కళ్లు మూస్తే దాహం వేస్తోందని అర్థం. మణికట్టు కొరుక్కోవడం మొదలుపెడితే ఇంకో అరగంటలో ఫిట్స్ రావచ్చు. అన్నం మెత్తగా పిసికి, గడ్డం కింద వేలు ఆనించి పెడితేనే మింగుతాడు. ఇవన్నీ ఆరేళ్లుగా వాడిని చూసుకున్న ఒక సవర గిరిజన ఆయాకి తెలుసు. వాడి ఫైల్లో ఇవేవీ లేవు. ఆ ఏడాది రెండు నెలలు జీతం ఆలస్యమైంది. ఆమె కూతురి పెళ్లి కుదిరింది. ఎవరితోనూ గొడవ పడకుండా ఇంటికి వెళ్లి, ఇక రాలేదు. కొత్త ఆయా మంచిదే, కష్టపడేదే. కానీ ఆ మూడు వారాల్లో బాబు నాలుగు కిలోలు తగ్గిపోయాడు. వాడు మొండికేస్తున్నాడని అందరం అనుకున్నాం. వాడు మాత్రం రోజూ తల ఎడమకి తిప్పి కళ్లు మూస్తూనే ఉన్నాడు. చదివేవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

నేను ఆవిడ ఊరు వెళ్లి బతిమాలి ఒక రోజు తీసుకొచ్చి, కొత్త ఆయాకి అన్నీ చూపించమన్నాను. ఆ రోజు బాబు ఆమెను చూసి ఏడ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. దివ్యాంగుల సంస్థలో సిబ్బంది నిర్వహణ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. మాట లేని పిల్లాడికి, వాడిని చదవగలిగిన మనిషే వాడి భాష. ఆ మనిషి వెళ్లిపోతే భాష కూడా వెళ్లిపోతుంది. జీతం, సెలవు, డ్యూటీ చార్టు, అపాయింట్‌మెంట్ లెటర్, ఏది రాసినా ఈ ఒక్క ప్రశ్నతో కొలవండి: పిల్లాడి సంగతి తెలిసిన మనిషి దీనివల్ల ఉంటుందా, పోతుందా?

మన ప్రాంతంలో ఈ మాట కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. ఆ కొండల్లో తిరిగినప్పుడు వచ్చిన జ్వరానికి క్వినైన్ వాడితే ఆయనకి వినికిడి పోయిందని చెబుతారు. పిల్లవాడిని మన భాషలోకి లాగే ముందు మనం వాడి భాష నేర్చుకోవాలని ఆయన నూరేళ్ల కిందటే చేసి చూపించారు. మన హాస్టళ్లలో ఆ పని చేస్తున్నవాళ్లు ఆయాలు.

అందుకని రేపే మొదలుపెట్టదగ్గ పని ఒకటి ఉంది. ఒక్కో పిల్లాడికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆయా చెబుతుంటే టీచరు రాయాలి. ఎలా తింటాడు, ఎలా నిద్రపోతాడు, ఆకలి ఎలా చెబుతాడు, దేనికి భయపడతాడు, ఫిట్స్‌కి ముందు ఏం చేస్తాడు, ఏ పాటకి నవ్వుతాడు. మూడు నెలలకోసారి మళ్లీ కూర్చుని దిద్దాలి. రాసిన పేజీ కింద ఆయా పేరు ఉండాలి. మొదట్లో మా టీచర్లకి ఇది నచ్చలేదు. తర్వాత తల్లిదండ్రుల మీటింగులో ఒక తండ్రి ఆ పుస్తకం చదివించుకుని, మా వాడికి ఇంత తెలుసా అన్నాడు. అక్కడినుంచి ఆ పుస్తకాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. ఎవరైనా మానేస్తామంటే నోటీసు నెలలో చివరి పది రోజులు కొత్త మనిషి పక్కనే ఉండి అప్పగించాలని అపాయింట్‌మెంట్ లెటర్లోనే రాయండి. ఆ పది రోజులు ఇద్దరికీ పూర్తి జీతం ఇవ్వండి. కమిటీ ఇది వృథా ఖర్చు అంటే నాలుగు కిలోలు తగ్గిన బాబు సంగతి చెప్పండి.

ఇప్పుడు డబ్బు విషయం. ఇది కాస్త వివరంగానే చెప్పాలి.

మీకు వచ్చేది దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం గ్రాంటు అయితే, దరఖాస్తు రాష్ట్రం మీదుగా కేంద్రానికి వెళ్లాలి, ఇన్‌స్పెక్షన్ జరగాలి, ఆడిట్ కాగితాలు సరిపోవాలి. ఆలస్యం అవుతుంది. ప్రతి ఏడూ అయ్యే ఆలస్యాన్ని ప్రతి ఏడూ కొత్త కష్టంలా చూడకండి, దాన్ని లెక్కలో వేసుకోండి. మీకు పది మంది ఆయాలు ఉండి, ఒక్కొక్కరికి 13,000 ఇస్తున్నారనుకుందాం. నెలకి లక్షా ముప్పై వేలు. మూడు నెలలకి 3,90,000. ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, దాన్ని ఇంకే పనికీ ముట్టుకోకూడదని కమిటీ తీర్మానం ఉండాలి. ఎక్కడినుంచి తెస్తారంటారా? మేము మూడేళ్లలో పోగు చేశాం. గది కట్టిస్తాను, పేరు రాయించండి అనే దాతలు మన వైపు చాలామంది ఉంటారు. రైసు మిల్లు యజమానులు, బట్టల షాపులవాళ్లు, విదేశాల్లో పిల్లలున్న రిటైర్డు మాస్టార్లు. వాళ్ల దగ్గరికి వెళ్లి, గది వద్దండీ, ఒక ఆయా జీతం ఆరు నెలలు మీ పేరున ఇవ్వండి అని అడిగాను. కొందరు కాదన్నారు. ఒప్పుకున్నవాళ్లు ఏడాదికోసారి వచ్చి ఆ ఆయాతో, ఆమె చూసుకునే పిల్లలతో భోజనం చేసి వెళ్లేవారు. వాళ్లలో చాలామంది మళ్లీ మళ్లీ ఇచ్చారు.

డబ్బు తక్కువైన నెలలో ఎవరికి ముందు ఇవ్వాలో కూడా రాసి పెట్టుకోండి. మా దగ్గర ఆయాలు, వంటవాళ్లు, స్వీపరు మొదట. వాళ్లకి అయిదో తేదీ దాటకూడదు. తర్వాత డ్రైవరు, ఫీల్డ్ వర్కర్లు. తర్వాత టీచర్లు, ఫిజియో. చివర అడ్మినిస్ట్రేటరు. రెండు సార్లు నేను నాలుగు నెలలు జీతం లేకుండా ఉన్నాను. ఇంట్లో ఇంకో సంపాదన ఉంది కాబట్టి తట్టుకోగలిగాను. ఆయాకి అది లేదు. అయిదో తేదీన జీతం రాకపోతే పదో తేదీకల్లా వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది, ఆ అప్పు తీరడానికి ఏడాది పడుతుంది.

ఇంకొక మాట సూటిగా చెబుతాను. నా తొలి ఉద్యోగం చేసిన చోట రిజిస్టరులో సంతకం ఒక అంకె మీద పెట్టించుకుని చేతికి ఇంకో అంకె ఇచ్చేవారు. తేడా డబ్బుని సంస్థకి విరాళం కింద రాసేవారు. పిల్లల బియ్యం కొనడానికేగా అనేవారు. నేనూ సంతకం పెట్టాను. అది తప్పు, చట్టం ప్రకారమూ తప్పే, మనిషి దృష్టిలోనూ తప్పే. అలా సంతకం పెట్టిన మనిషి ఆ తర్వాత సంస్థ చెప్పే ఏ మాటనీ నమ్మదు. పిల్లాడిని ఎవరైనా కొట్టారని తెలిసినా వచ్చి చెప్పదు, ఎందుకంటే ఇక్కడ కాగితం మీద ఒకటి, నిజం ఒకటి అని ఆమెకి ముందే నేర్పేశాం. మీ సంస్థలో ఈ పద్ధతి ఉంటే మొదట దాన్ని ఆపండి. జీతాలన్నీ బ్యాంకు ఖాతాల్లోకే వెయ్యండి. ఆపడానికి కమిటీ ఒప్పుకోకపోతే, తమ్ముడూ, ఆ కాగితాల మీద మీ సంతకం పెట్టకండి.

చట్టాలు మీకు తెలిసినవే అయినా మన సంస్థలకి ఎక్కడ తగులుతాయో చెబుతాను. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన కనీస వేతనం నుంచి తప్పించుకోలేం. రోజంతా డ్యూటీ చేసే ఆయా ఉద్యోగే. సిబ్బంది 20 మంది కానీ అంతకు మించి కానీ ఉంటే ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుంది, మీరు 27 మంది. 15,000 లోపు జీతం ఉన్నవాళ్లు తప్పకుండా రావాలి. ఉద్యోగి వాటా 12 శాతం, సంస్థ వాటా 12 శాతం. 13,000 జీతానికి మీ వాటా 1,560. గ్రాంటు ప్రపోజల్ రాసేటప్పుడే ఈ మొత్తాన్ని జీతంతో కలిపి అడగండి, తర్వాత ఎవరూ ఇవ్వరు. ఉద్యోగుల ఆరోగ్య బీమా ఇఎస్‌ఐ పది మంది దగ్గర మొదలవుతుంది, జీతం పరిమితి 21,000, దివ్యాంగ ఉద్యోగులకి 25,000. మీ తాలూకాకి, మీ తరహా సంస్థకి అది వర్తించే తీరుని లేబర్ కన్సల్టెంట్‌తో ఒకసారి కాగితం మీద రాయించుకోండి. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఈ సెలవు ఇస్తే సంస్థ నడవదని పెళ్లి కావాల్సిన అమ్మాయిలని తీసుకోని చోట్లు చూశాను. అలా చేయకండి. ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయి చోట పని చేయడానికి, ముందే మన పిల్లలతో అలవాటున్న ఇద్దరు ముగ్గురిని రోజువారీ వేతనం మీద వారానికో రోజు రప్పించుకుంటూ ఉంటే సరిపోతుంది. మేము వాళ్లని రిలీవర్లు అనేవాళ్లం. జ్వరాలు ముసిరే వర్షాకాలంలో వాళ్లే మమ్మల్ని కాపాడారు.

గ్రాట్యుటీని మన సంస్థల్లో ఎవరూ తలుచుకోరు. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్క వేస్తారు. 13,000 మీద ఆరేళ్లు చేసిన ఆయాకి 45,000 వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాలం కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లకి అయిదేళ్లు నిండాలన్న నియమం లేదు, ఏడాది చేస్తే చాలు. ప్రాజెక్టు పేరుతో ఏడాదేడాదికీ కొత్త కాగితం ఇచ్చే మనలాంటి సంస్థలకి ఇది నేరుగా తగులుతుంది. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలన్నది కూడా ఆ కోడ్‌లలో ఉంది. ఆ లెటర్ ఒడియాలో కానీ తెలుగులో కానీ, మనిషి చదవగలిగిన భాషలో ఇవ్వండి. చదువు రానివారికి చదివి వినిపించి, విన్నట్టు సాక్షి సంతకం తీసుకోండి.

కమిటీలో ఎవరో ఒకరు విదేశీ నిధుల చట్టం అడ్డం పెడతారు, 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు కాబట్టి జీతాలు పెంచలేం అంటారు. ఆ పరిమితి పరిపాలన ఖర్చుకి. పిల్లలకి నేరుగా సేవ చేసే టీచర్లు, ఫిజియోలు, ఆయాల జీతాలు సంస్థ ఆశయానికి సంబంధించిన ఖర్చు కిందికి వస్తాయి. ఆడిటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఖర్చుల పద్దులు సరిగా విడదీయించండి. మా దగ్గర ఆ ఒక్క పని చేస్తేనే ఆయాల జీతం పెంచడానికి చోటు దొరికింది.

స్పెషల్ ఎడ్యుకేటర్ల సంగతి. వాళ్లు వెళ్తారు. వంశధార దాటితే చాలు, అటు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి, ఉద్యోగం ఉంది, సొంత మండలం ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల వెళ్లిపోతానంటే ఆమెను తప్పు పట్టలేం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దాచుకోమని మీకు సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను ఒకసారి ఆ పని చేశాను. ఆ అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లలేకపోయింది, మరో ఏడాది మా దగ్గరే ఉంది, ఆ ఏడాదంతా పిల్లల ముఖం చూసి పాఠం చెప్పలేదు. తర్వాత ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. సర్టిఫికెట్లు మన దగ్గర ఉంచుకునే హక్కు మనకి లేదు.

దానికి బదులు రెండు పనులు చేయండి. మొదటిది, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ లేనివాళ్లని స్పెషల్ ఎడ్యుకేటర్ హోదాలో చూపించకండి. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం సెంట్రల్ రిజిస్టరులో పేరు లేకుండా ఆ వృత్తి చేయడం నేరం. ఉన్నవాళ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీలు మీ డైరీలో ఉండాలి, దానికి కావలసిన సీఆర్‌ఈ (వృత్తిలో ఉంటూ తీసుకునే శిక్షణ) పాయింట్ల వర్క్‌షాపులకి డ్యూటీ కింద పంపండి, దారి ఖర్చు ఇవ్వండి. ఈ చిన్న గౌరవం కోసమే ఇంకో ఏడాది ఉన్న టీచర్లు నాకు తెలుసు. రెండోది, మీ ఆయాల్లో, ఫీల్డ్ వర్కర్లలో ఇంటర్ పాసైన స్థానికులని గుర్తించి డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌కి పంపండి. అంత చదువు కుదరనివాళ్లకి 2021లో ఆర్‌సీఐ మొదలుపెట్టిన ఆరు నెలల సీబీఐడీ (సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి) కోర్సు ఉంది, ఊళ్లలో తిరిగి పని చేసేవాళ్ల కోసమే తయారు చేసినది. మేము ఇలా నలుగురిని చదివించాం. ఒకరు వెళ్లిపోయారు. ముగ్గురు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి సవర మాతృభాష. పుట్టాసింగి వైపునుంచి వచ్చిన తల్లి తన బిడ్డ గురించి తన మాటల్లో టీచరుతో చెప్పుకోగలగడం ఎంత విలువైనదో మీరే చూస్తారు. ఉద్యోగ ప్రకటనలో అర్హతల కింద సవర, కుయి, కువి, ఒడియా, తెలుగు, ఏ భాషలు వచ్చో రాయమని అడగండి, ఆ భాషకి నెలకి కొంత అలవెన్సు పెట్టండి.

ఇక నడుముల గురించి. నవ్వులాటగా అనిపించవచ్చు కానీ మా ఆయాలు మానేయడానికి జీతం తర్వాతి కారణం నడుము నొప్పే. చిన్నప్పుడు చేరిన పిల్లలు పెరుగుతారు. నలభై కిలోల అబ్బాయిని రోజుకి ఆరేడు సార్లు మంచం మీదనుంచి కుర్చీలోకి, కుర్చీలోనుంచి బాత్రూముకి ఒక్కతే ఎత్తే ఆయా నలభై ఏళ్లకే వంగిపోతుంది. మా ఫిజియోతో నెలకోసారి, పిల్లలకి కాదు, ఆయాలకి క్లాసు పెట్టించాం. మోకాళ్లు వంచి ఎత్తడం, పిల్లాడిని ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, దుప్పటితో జరపడం. ముప్పై కిలోలు దాటిన పిల్లలని ఇద్దరు కలిసే ఎత్తాలన్నది మేము పెట్టుకున్న నియమం. దానికి తగ్గట్టు డ్యూటీ చార్టు మార్చాలి, లేకపోతే ఆ నియమం గోడ మీదే ఉంటుంది. నైట్ డ్యూటీ చేసిన మనిషికి మర్నాడు పగలు ఆఫ్ ఉండాలి, వారానికి ఒక పూర్తి రోజు ఇంటికి వెళ్లాలి. అక్కడే ఉంటున్నారు కదా అని ఇరవై నాలుగు గంటలూ డ్యూటీలోనే ఉన్నట్టు చూడటం మన హాస్టళ్లకి పట్టిన జబ్బు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా అంతా అల్లకల్లోలమైంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ రాత్రి హాస్టల్లో నలుగురు ఆయాలు ఉన్నారు. వాళ్లలో ఇద్దరి సొంత ఇళ్ల పైకప్పులు లేచిపోయాయని మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ వాళ్లు పిల్లల దగ్గరే ఉన్నారు. తర్వాత కమిటీ వాళ్లకి శాలువాలు కప్పింది. నేను పైకప్పు రేకులకి డబ్బు, వారం రోజుల జీతంతో కూడిన సెలవు అడిగి ఇప్పించాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సరిహద్దు మూసేశారు, పాతపట్నంలో ఉండే మా సిబ్బంది ఆరుగురు ఇటు రాలేకపోయారు. మహేంద్రతనయకి అటు వాళ్లు, ఇటు పిల్లలు. అప్పటినుంచి డ్యూటీ చార్టు వేసేటప్పుడు ప్రతి షిఫ్టులోనూ నదికి ఇటువైపువాళ్లు కనీసం సగం మంది ఉండేలా చూసేదాన్ని. మీకూ పార్వతీపురం, భామిని వైపునుంచి వచ్చేవాళ్లు ఉంటే ఇది గుర్తుంచుకోండి. విపత్తు రోజుల్లో ఎవరు ఉండాలి, వాళ్లకి ఎంత అదనంగా ఇవ్వాలి, వాళ్ల ఇంటివాళ్లని ఎవరు చూసుకోవాలి అన్నది ముందే రాసి ఉంచండి.

అన్నిటికంటే బరువైన విషయం మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పిల్లల మీద చేయి చేసుకోవడం, అంతకంటే ఘోరమైనవి. మాట రాని పిల్లలున్న చోట ఇది జరగదని ఎవరైనా అంటే నమ్మకండి. అలసిన ఆయా కొట్టిన దెబ్బ వేరు, దుర్మార్గుడి పని వేరు, రెండింటినీ ఆపే ఏర్పాటు మీ బాధ్యతే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 92వ సెక్షన్ కింద దివ్యాంగులపై జరిగే దౌర్జన్యాలకి ఆరు నెలలనుంచి అయిదేళ్ల దాకా జైలు ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు, జరిమానా. లోపల విచారణ చేసి తేల్చుకుందాం, సంస్థ పరువు పోతుంది అనే మాట కమిటీలో తప్పకుండా వస్తుంది. విచారణ పోలీసుల పని. ఆ రోజే తెలియజేయడం, బిడ్డని కాపాడటం, ఆ మనిషిని పిల్లల దరికి రానివ్వకపోవడం మీ పని.

నియామకంలో పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, పాత యజమానితో ఫోన్లో మాట్లాడండి. స్నానం, బాత్రూం, బట్టలు మార్చడం దగ్గర ఒంటరిగా ఒక్కరే ఉండకూడదు, ఇంకొకరి చూపు పడాలి. ఆడపిల్లల వైపు రాత్రిపూట మగవాళ్లు ఎవరూ, సెక్రటరీ గారైనా సరే, వెళ్లకూడదు. చెప్పిన మనిషిని కాపాడటం కూడా అంతే ముఖ్యం. మా దగ్గర ఒక స్వీపరమ్మ వచ్చి, సీనియర్ ఉద్యోగి ఒకరు పిల్లాడిని చీకటి గదిలో పెడుతున్నాడని చెప్పింది. ఆయన పదిహేనేళ్లుగా ఉన్నవాడు, కమిటీకి దగ్గరివాడు. ఆయన్ని తీసేశాం, పోలీసులకి రాసిచ్చాం. తర్వాత ఆరు నెలలు ఆ స్వీపరమ్మతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఆమెను ఒంటరిగా వదలకుండా రోజూ ఆమెతో కలిసి టీ తాగడం ఒక్కటే నేను చేయగలిగింది. ఆ తర్వాత మరో ఇద్దరు ధైర్యం చేసి వేరే విషయాలు చెప్పారు.

సిబ్బందిలో ఆడవాళ్ల రక్షణ కోసం, పది మంది కానీ అంతకు మించి కానీ ఉంటే, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ ఉండాలి, 2013 చట్టం. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, కనీసం సగం మంది మహిళలు, సంస్థ బయటి వ్యక్తి ఒకరు. మన కుటుంబంలాంటి సంస్థ, ఇక్కడ ఇదెందుకు అంటారు. ఫీల్డ్ వర్కర్ అమ్మాయి బైకు మీద ఎవరి వెనక కూర్చుని కొండ ఊళ్లకి వెళ్తోందో, సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తోందో ఒక వారం గమనించండి, ఎందుకో తెలుస్తుంది.

మీ 27 మందిలో దివ్యాంగులు ఎందరు? మీరు రాయలేదు. 20 మంది కానీ అంతకు మించి కానీ ఉన్న సంస్థ సమాన అవకాశాల విధానాన్ని వివరంగా రాసి అందరికీ కనబడేలా పెట్టాలని ఆ 2016 చట్టం, దాని నియమాలు చెబుతున్నాయి. కానీ నా బాధ చట్టం గురించి కాదు. మా పిల్లలకి ఉద్యోగాలివ్వండి అని ఊరంతా తిరిగి అడిగే సంస్థలు తమ ఆఫీసులో ఒక్కరిని కూడా పెట్టుకోవు. మా దగ్గర వంటగదిలో వినికిడి లేని అమ్మాయి ఉంది, లెక్కలు రాసే అబ్బాయికి చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో పని చేస్తాడు. వాళ్లకి అదే జీతం, అదే గ్రేడు. స్టాఫ్ మీటింగులో సైగల భాషలో చెప్పడానికి ఒకరిని కూర్చోబెడతాం, మినిట్స్ సాఫ్ట్ కాపీలో పంపుతాం. ఆ అమ్మాయి వచ్చాక మాట రాని పిల్లలు వంటగది చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. చేతులతో మాట్లాడే పెద్దమనిషిని వాళ్లు చూడటం అదే మొదటిసారి.

సేవాభావం గురించి మీ కమిటీతో ఇలా చెప్పండి. ఆయాకి ఆ భావం ఉంది, లేకపోతే మలం ఎత్తే పని పదేళ్లు చేయదు. దాన్ని ఆమె జీతంలోంచి కోసుకునే హక్కు మనకి లేదు.

నెలాఖరున కమిటీ మీటింగు అన్నారు. దానికి ముందు రెండు ఆదివారాలు తీసుకుని మానేసిన ఆ తొమ్మిది మంది ఇళ్లకి వెళ్లండి. సవర ఊళ్లయితే ఆ భాష వచ్చిన మీ ఫీల్డ్ వర్కర్‌ని తోడు తీసుకెళ్లండి. తిరిగి రమ్మని అడగకండి, వాళ్లకి రావాల్సిన బకాయి ఏమైనా ఉందేమో ముందు అడగండి, ఉంటే రాసుకోండి. తర్వాత వాళ్లు చూసుకున్న పిల్లల గురించి అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకుని రండి. మీటింగులో పాలసీ కాగితం కంటే ముందు ఆ పుస్తకం చదవండి. ఆ బకాయిల లెక్క, మీ పాలసీ ముసాయిదా రెండూ నాకు పంపితే వాక్యం వాక్యం చూసి చెబుతాను.